బొజ్జయ్య దిగని కాటా

చండ్రుగొండ దాటి అడవి దారిలో కొంత దూరం పోతే బసవపున్నయ్యగారి లారీల కాటా వస్తుంది. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. పులికి కూడా భయపడనని చెప్పుకునే మన పగిడయ్య సైతం అక్కడికి రాగానే బీడీ ఆర్పి, చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తుతాడు. ఆయన పులిని ఎన్నడూ చూడలేదు, అది వేరే సంగతి.

కారణం బొజ్జయ్య. ముప్పై ఏళ్లు ఆ కాటా నడిపి, మొన్న మాఘంలో నిద్రలోనే పోయాడు. రోజూ మొదటి లారీ రాకముందే ఆయన కాటా మీద నిలబడి తనను తాను తూచుకునేవాడు. అరవై కిలోలు చూపిస్తే కాటా నిజం చెబుతున్నట్టు. ఆ లెక్క తప్పకూడదని కూతురి పెళ్లిలో కూడా రెండో లడ్డు ముట్టలేదు.

దినాలైన మర్నాడే కాటా గదిలో కంప్యూటర్ మొరాయించింది. బొజ్జయ్య లోపల కూర్చున్నాడని ఊరు తేల్చేసింది. మా ఊళ్లో ఏ సంగతైనా తేలడానికి రెండు చాయ్‌లు చాలు.

బొజ్జయ్య తర్వాత ఆ గదిలో కూర్చుంటున్నది రూప్లి. వాళ్ల తండా దగ్గర్లో కుర్చీలో కూర్చుని చేసే పని అదొక్కటే. బసవపున్నయ్య ఆమెతో ఒకటే మాట అన్నాడు. "రేపు పొద్దున జామాయిల్ లారీలు వస్తాయమ్మా. అప్పటికి నడవకపోతే గదికి తాళం వేస్తా. నువ్వు ఇంకో పని చూసుకో."

అట్లా పెనుబల్లి నుంచి జయప్రకాశ్ వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేస్తాడు. దెయ్యాలు లేవని గట్టిగా వాదిస్తాడు... పగటిపూట. ఆయన చేరేసరికి చీకటి పడింది.

"పాత సిస్టమ్ చెడిపోయిందక్కా" అని, డిస్కు మొత్తం తుడిచేసి, పెన్ డ్రైవ్ నుంచి కొత్తగా డాస్ సిస్టమ్ ఎక్కించాడు. కాటా ప్రోగ్రామ్ ముసలిది, డాస్ మీద తప్ప నడవదు. ఎక్కించడం అయింది. పెన్ డ్రైవ్ తీసి, మళ్లీ ఆన్ చేశాడు.

గర్ర్... గర్ర్...

కంప్యూటర్ పెట్టె ముందు రూప్లి అతికించిన భద్రాద్రి రామయ్య పటం ఉంది. మూలుగు దాని వెనక నుంచే. రామయ్య పాదాల కింద ఆకుపచ్చ వెలుగు... వెలిగి ఆరింది. తెర మీద ఒక్క వాక్యం.

"ఏమంటుంది తమ్మీ?"

"డిస్కు ఉందంట... అందులో సిస్టమ్ లేదంట."

"అంటే ఒళ్లుంది, పానం లేదనా?"

"అక్కా, నువ్వు కాసేపు మాట్లాడకు."

డిస్కును సరిచూశాడు. మొదటి నుంచి మళ్లీ ఎక్కించాడు. ఆన్ చేశాడు — గర్ర్... గర్ర్... అదే వాక్యం. మూడోసారీ అంతే. బయట టేకాకులు గలగలమన్నాయి. జయప్రకాశ్ చొక్కా వీపుకు అతుక్కుంది.

అప్పుడు తట్టింది. తుడిచేసిన డిస్కులోనే కాటా ప్రోగ్రామ్ కూడా ఉంది కదా!

"అక్కా..." అన్నాడు చిన్నగా, "ఆ ప్రోగ్రామ్‌కి ఇంకో కాపీ ఉందా?"

"బొజ్జయ్య తాత దగ్గరుండేది. రోజు పొద్దుగూకినంక ఒక ఫ్లాపీ బిళ్లలోకి ఎక్కించుకొని, అంగి జేబుల ఏసుకొని పోయేటోడు."

"అదిప్పుడు ఎక్కడుంది?"

"తాత జాగల్నే పెట్టిన."

"అంటే... గోతిలోనా?"

"గదేం మాట! దినాల నాడు అవ్వ తెచ్చి నా చేతుల పెట్టింది. అందరు తాతకు కల్లు, కోడికూర పెట్టిన్రు. నేను దానికి బొట్టు పెట్టి, తాత రోజు పెట్టే సందులనే పెట్టిన."

రూప్లి రామయ్యకు దండం పెట్టి, పటాన్ని పరదాలా పైకెత్తింది. వెనక ఫ్లాపీ సందు. లోపల పసుపు కుంకుమలతో నిండుగా కూర్చున్న ఫ్లాపీ.

కంప్యూటర్ లేచిన ప్రతిసారీ ముందు ఆ ఫ్లాపీనే తడుముతోంది. అందులో సిస్టమ్ లేదు. అక్కడే ఆగిపోతోంది. అంటే పాత డిస్కుకు ఏ రోగమూ లేదు, బతికున్నదాన్ని జయప్రకాశే తుడిచేశాడు. ఈ ముక్క ఆయన ఎవరికీ చెప్పలేదు. రూప్లి చెప్పింది, సంతలో.

ఫ్లాపీ బయటికి తీయగానే డాస్ టక్కున లేచింది. తర్వాత మళ్లీ పెట్టి చూస్తే కాటా ప్రోగ్రామ్ అందులో భద్రంగా ఉంది. అడ్డం పడ్డది తాతే, ఆదుకున్నదీ తాతే.

జయప్రకాశ్‌కు ప్రాణం లేచొచ్చింది. దాన్ని డిస్కులోకి ఎక్కించి నడిపాడు. తెర మీంచి తల తిప్పకుండానే కేకేశాడు. "రూప్లక్కా! కాటా ఎక్కు, ఒకసారి చూద్దాం!"

సున్నా... సున్నా... అరవై.

"నడుస్తోందక్కా! ఇక దిగు."

అరవై.

"దిగమన్నానా!"

"ఎవరిని?"

మాట చెవి పక్కనే వినిపించింది. రూప్లి వెనకే నిలబడి ఉంది, చేతుల్లో రెండు చాయ్ గ్లాసులు. "నేను గీడ చాయ్ పెడుతుంటి."

ఇద్దరూ కిటికీలోంచి చూశారు. కాటా మీద వెన్నెల తప్ప ఏమీ లేదు. తెర మీద అరవై అట్లాగే నిలబడి... నిలబడి... మెల్లగా సున్నాకు వచ్చింది.

"అవ్" అంది రూప్లి నిమ్మళంగా, "తాత చూసుకున్నడు. లారీలను రమ్మని సారుకు ఫోన్ చేస్త."

చాయ్ అందుకోవడానికి జయప్రకాశ్ అక్కడ లేడు. బండి చప్పుడు అప్పటికే మలుపు దాటింది.

కాటా మీదికి కుక్క ఎక్కిందని పెనుబల్లిలో చెబుతున్నాడట. అరవై కిలోల కుక్కను మాకూ చూపించమన్నాం. వస్తానన్నాడు... పగటిపూట.

రూప్లి ఇప్పటికీ ఆ కుర్చీలోనే ఉంది. పొద్దున్నే గది తీస్తుంది, కంప్యూటర్ ఆన్ చేస్తుంది, మొదటి లారీని కాసేపు ఆగమంటుంది. కాటా మీద మాత్రం తను నిలబడదు.

ఎందుకని అడిగితే, "గా డ్యూటీ నాది కాదు" అంటుంది.