చలువగుండె ఆగిన రోజు

అంతవరకూ ఉందని తెలియని చప్పుడు ఆగిపోయేసరికి సైదమ్మకు మెలకువ వచ్చింది. చలువగుండె ఆగింది.

రెంటచింతలలో వీధికొక చలువగుండె ఉంది. నేలకింద కొట్టుకుంటూ గోడల్లోకి చల్లదనం పంపుతుంది. ఇళ్ళలోంచి లాగిన వేడిని డాబాల మీది వేడిమూతుల గుండా ఊదేస్తుంది. బయట రోహిణి కార్తె మండినా లోపల కార్తీకమాసపు తెల్లవారుజామే. కిటికీలు తెరవడం ఊరు ఎప్పుడో మరిచిపోయింది.

కాసేపటికే ఇంట్లో ఉక్క మొదలైంది. సైదమ్మ మనవరాలి వైపు చూసింది. పూర్ణ నేలమీద బొమ్మ గీస్తూ గీస్తూ ఆగిపోయింది. బుగ్గలు పండుమిరపల్లా ఉన్నాయి. ఒంటిమీద చెయ్యి వేస్తే పెనంలా కాలింది. తడి లేదు. ఆ వీధిలో పుట్టిన పిల్లలెవరికీ చెమట పట్టదు. పట్టే అవసరం ఎన్నడూ రాలేదు. చలువ తెచ్చినవాళ్ళు అన్నీ లెక్కవేసుకున్నారు గానీ ఇది వేసుకోలేదు.

గుండె బాగోగులు చూసే అంకారావు వచ్చాడు. గోడలోని జల్లెడ ఊడదీసి దుమ్ము దులిపాడు. నీటిగొట్టం తడిమాడు. తల అడ్డంగా ఊపి డాబా ఎక్కాడు. దిగేటప్పుడు చేతిలో పాత చీర ఉంది. దాని నిండా గుమ్మడి వడియాలు.

"వేడిమూతి మీద ఇది పరిచిందెవరు పెద్దమ్మా?"

"నేనే. ఆ గాలికి ఇట్టే ఎండుతాయని వీధంతా పెడతారు గదరా."

"వీధంతా పెట్టబట్టే ఆగింది. ఊదటానికి దారిలేక దాని సెగకి అదే మాడింది. వడియాలు మాత్రం గలగలమంటన్నయిలే."

"ఎగతాళి తర్వాత. మళ్ళీ ఎప్పుడు కొట్టుకుంటది?"

"చల్లారాల. పొద్దుగూకిందాకా కదలదు."

సైదమ్మ పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. అంతదాకా ఈ పిల్ల ఆగుతుందా? చలువ ఆడుతున్న పక్క వీధికి ఎండలో మోసుకెళితే దారిలోనే వాడిపోతుంది. కొడుకూ కోడలూ పనికి పోయారు. పిల్లను తన చేతిలో పెట్టి పోయారు.

గచ్చు మీద నీళ్ళు చల్లింది. తడిగుడ్డతో పిల్ల ఒళ్ళు తుడిచింది. ఉప్పు కలిపిన మజ్జిగ గుక్కగుక్కగా తాగించింది. చేట తీసి అంకారావు చేతికిచ్చింది.

"ఇసురు."

వాడు విసురుతూ కూర్చున్నాడు. గోడలు వెచ్చబడ్డాయి. మధ్యాహ్నం కదలకుండా ఇంటినిండా నిలబడిపోయింది.

"నాయనమ్మా, గోడలు నడుస్తన్నయి," అంది పూర్ణ, కళ్ళు సగం మూసి.

"నడవనియ్యి. నువ్వు నన్నే చూడు."

ఆ చూపు జారినప్పుడల్లా సైదమ్మ పేరుపెట్టి పిలిచింది. పిలిచి పిలిచి గొంతు పోయింది. ఎండ గోడ దిగింది. అప్పుడు పిల్ల పైపెదవి మీద ఒక చుక్క పుట్టింది. ఆ వెనుక నుదురు మెరిసింది. మెడ తడిసింది.

పూర్ణ బెదిరిపోయింది. "నాయనమ్మా, నా ఒళ్ళు ఏడుస్తంది."

"ఏడవనియ్యి తల్లీ. బాగా ఏడవనియ్యి."

బయట సెగ తగ్గిందని చూసి అంకారావు బిగుసుకుపోయిన కిటికీని సుత్తితో కొట్టి తెరిచాడు. సాయంత్రపు గాలి లోపలికొచ్చి ఆ తడి నుదుటిని తాకింది. పూర్ణ ఉలిక్కిపడి తిరిగింది.

"ఎవరది?"

"ఎవరూ లేరమ్మా. గాలి."

చలువలోనే పుట్టి పెరిగిన పిల్ల కళ్ళు మూసుకుని, ముఖం కిటికీ వైపు ఎత్తి కూర్చుంది. నేలకింద గుండె మెల్లగా మొదలైంది. చల్లదనం పోతుందని అంకారావు కిటికీ మూయబోతే, పూర్ణ వాడి చెయ్యి పట్టుకుంది.