ఓర్వియెటోలో మారిన తాళం

"మీరు దొంగతనం ఆపకూడదండి. జరగనివ్వాలి," అన్నారు రామబ్రహ్మం.

నానక్‌రామ్‌గూడలో ఒక గాజు టవర్, పదకొండో అంతస్తు. తలుపు మీద 'హెచ్ఆర్ కన్సల్టెన్సీ' అని బోర్డు. లోపల పనిచేసేది ఏ కాగితంలోనూ పేరు లేని ఒక చిన్న గూఢచారి విభాగం. దాని చీఫ్ రామబ్రహ్మం. కాకినాడ మనిషి. ఎంత ఘోరమైన ఆర్డరైనా చివర 'అండి' చేర్చి ఇస్తారు. ఎదురుగా కూర్చున్న ఫీల్డ్ ఏజెంట్ మధు ఆ 'అండి' వింటూ పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు.

స్క్రీన్ మీద ఒక అమ్మాయి ఫోటో వెలిగింది.

"సరిత. కోకాపేటలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. రాష్ట్రమంతటికీ కరెంటు పంచే కంట్రోల్ సిస్టమ్ ఈ అమ్మాయి కంపెనీ చూస్తుంది. తన తాళాల గుత్తికి ఆ సిస్టమ్ తెరవడానికి కంప్యూటర్‌కి గుచ్చే వేలెడంత హార్డ్‌వేర్ కీ ఒకటి ఉంటుంది. అది శత్రువు చేతిలో పడితే రాష్ట్రం మొత్తం ఆరిపోతుందండి. ఆస్పత్రులు, మెట్రో, నీళ్ళ పంపులు, అన్నీ."

"ఎవరికి కావాలి?"

"అంబర్ అనే విదేశీ ముఠాకి. వచ్చేవారం సరితా ఆమె ఫ్రెండ్సూ కలిసి ఏడుగురు ఒక వ్యాన్‌లో ఇటలీలోని పాత ఊళ్ళు తిరగడానికి వెళ్తున్నారు. సరిత ఆన్‌కాల్‌లో ఉంది, సెలవులోనైనా పిలిస్తే పనికి అందాలి కనక కీ వెంట ఉంటుంది. అంబర్ అక్కడ దాన్ని మార్చేస్తుంది. అసలు కీని ఇక్కడ వాడబోయేది ఎవరో మనకి తెలియాలి. వ్యాన్‌లో ఎనిమిదో సీటు మీది. పేరు శివ."

"నకిలీ కీ పెట్టేదెవరు?"

"ట్రిప్ నడిపే ట్రావెల్ వ్లాగర్. రసజ్ఞ. అంబర్ మనిషి. రెండేళ్ళుగా మనకీ పనిచేస్తోంది."

మధు ఫోటో వైపే చూస్తున్నాడు. "సరితకి చెప్పొద్దా?"

"చెబితే మొహంలో తెలిసిపోతుందండి."

వ్యాన్ ఫ్లోరెన్స్‌లో బయలుదేరింది. డ్రైవర్ పక్క సీట్లో రసజ్ఞ. తెల్ల లినెన్ షర్టు, నల్ల కళ్ళద్దాలు, చేతిలో కెమెరా. మొదటి పెట్రోల్ బంకులో ఆమె మధు పక్కన నిలబడి కాఫీ కలుపుకుంటూ అంది: "ఈ దేశంలో గంటలు ఆలస్యంగా కొడతాయి."

"వినేవాళ్ళకి తొందర లేకపోతే చాలు," అన్నాడు మధు. కోడ్ కలిసింది.

సరితతో స్నేహం కలుపుకోవడానికి మధు ఏ ఎత్తూ వేయాల్సిన పని పడలేదు. ఆమే డబ్బా తెరిచి సకినాలు పెట్టింది. శాన్ జిమిన్యానో ఊళ్ళో ఆకాశంలోకి లేచిన రాతి బురుజుల కింద నిలబడి నవ్వింది.

"మన కోకాపేట లెక్కనే ఉంది శివా. ఎవని టవర్ ఎత్తుగుంటదని పోటీలు పడి కట్టిన్రంట."

తరవాత తండ్రి సంగతి చెప్పింది. ఆయన పేరు పెంటయ్య. ఆమె పనిచేసే టవర్‌కే సెక్యూరిటీ గార్డు. "నేను లోపలికి పోయేటప్పుడు అందరి లెక్కనే నా బ్యాగు గూడ చూస్తడు. రూలు రూలే అంటడు. జర తాళాలు పట్టుకో, ఫోటో తీస్కుంట."

ఆమె కెమెరా సర్దుకునేలోపు మధు బియ్యపుగింజంత ట్రాకర్ ఒకటి కీ అడుగున అంటించాడు. మూడు సెకన్ల పని. ఆ సకినం రుచి మాత్రం రోజంతా నోట్లో చేదుగా తిరిగింది.

ఆరో రోజు ఓర్వియెటో. కొండ మీది ఆ ఊళ్ళో ఐదువందల ఏళ్ళనాటి లోతైన బావి ఉంది. చుట్టూ రెండు మెట్లదారులు మెలికలు తిరుగుతూ దిగుతాయి. దిగేవాళ్ళకి ఎక్కేవాళ్ళు ఎదురుపడరు.

"బ్యాగులు నాకిచ్చి వెళ్ళండి, మెట్లు చాలా ఉన్నాయి," అంది రసజ్ఞ.

సరిత సందేహించింది. "కీ ఉంది గదా..."

ఆమె చూసింది రసజ్ఞ వైపు కాదు. మధు వైపు.

"పర్లేదు, ఇచ్చెయ్," అన్నాడు మధు.

ఇచ్చేసింది. రెండొందల నలభై ఎనిమిది మెట్లు ఆమె లెక్కపెట్టుకుంటూ దిగుతుంటే, మధు వెనకాలే నడిచాడు. పైన ఏం జరుగుతోందో అతనికి తెలుసు. రాతి కిటికీలోంచి ఆమె కిందికి తొంగిచూసి, "భయమైతుంది, చెయ్యి పట్టుకో శివా," అంది. పట్టుకున్నాడు.

ట్రిప్ నుంచి తిరిగొచ్చాక, మంగళవారం ఉదయం పదింటికి కోకాపేటలో సరిత ఆఫీసు సీట్లో కూర్చుని కీ పెట్టింది. పనిచేయలేదు. పదిన్నరకల్లా అది నకిలీదని తేలింది. అంబర్ జాగ్రత్తపడకుండా అసలు కీని రద్దు చెయ్యొద్దని రామబ్రహ్మం నుంచి కంపెనీ పెద్దకి రహస్యంగా ఫోన్ వెళ్ళింది. సరిత తప్పేమీ లేదని మాత్రం ఎవరూ చెప్పలేదు. రూలు ప్రకారం ఆమెని సస్పెండ్ చేశారు.

రోడ్డవతల టీ బండి దగ్గరినుంచి మధు అంతా చూశాడు. ఇద్దరు ఆఫీసర్ల మధ్య సరిత గేటు దాకా నడిచొచ్చింది. గేటులో డ్యూటీ పెంటయ్యది. ఆయన కూతురి బ్యాగు తెరిచి చూశాడు. మెడలోంచి ఐడీ కార్డు తీసుకున్నాడు. ఏదో అడగబోయి, పక్కనున్న ఆఫీసర్లని చూసి మానుకున్నాడు. సరిత షేర్ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

మధు ఫోన్ మోగింది. రసజ్ఞ మెసేజ్: 'పద్నాలుగో అంతస్తు. పదకొండు గంటలకి.'

ట్రాకర్ కూడా అదే టవర్ చూపిస్తోంది. కానీ ఏ అంతస్తో చెప్పదు. మధు ముగ్గురు మనుషులతో పద్నాలుగో అంతస్తుకి పరిగెత్తాడు. అక్కడ ఖాళీ హాలు, సిమెంటు బస్తాలు. అద్దెకే ఇవ్వని అంతస్తది.

రసజ్ఞ ఎవరి మనిషో అప్పుడర్థమైంది. పది యాభై మూడు.

గేటు దగ్గరికి వచ్చేసరికి మధు రొప్పుతున్నాడు. "పోలీసులం. ఇప్పుడు కొత్తవాళ్ళెవరైనా లోపలికెళ్ళారా?"

పెంటయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "ఏసీ సర్వీసోల్లు సార్. ఒగాయన, ఒకామె. ఆరో ఫ్లోరన్నరు. ఏసీ పని చేసేటోల్ల చేతులు గట్ల మెత్తగుండయ్. ఆపుదమనుకున్న. మా బిడ్డ సంగతిల పరేషానుండి పోనిచ్చిన. తప్పు నాదే సార్."

'కాదు' అనడానికి కూడా టైం లేదు.

ఆరో అంతస్తు సర్వర్ గదిలో ఏసీ మెకానిక్ యూనిఫాంలో ఉన్న మనిషిని మధు మనుషులు నేలకి అదిమారు. నీలం టోపీ తీసి రసజ్ఞ తాపీగా చేతులెత్తింది. అసలు కీ మెషిన్‌లో మెరుస్తోంది. స్క్రీన్ మీద అంకెలు తగ్గుతున్నాయి. నూట పది సెకన్లు.

"కీ తీస్తే ఇంకా తొందరగా అయిపోతుంది మధూ. ఆపగలిగేది కీ సొంతదారే. ఆవిణ్ణి మీరే పంపించేశారు," అంది రసజ్ఞ.

మధు సరితకి ఫోన్ చేశాడు.

"ఏంది శివా, నాకిప్పుడు..."

"నా పేరు శివ కాదు. మీ కీ మారుతుందని నాకు ముందే తెలుసు. బావి దగ్గర కావాలనే ఇచ్చెయ్యమన్నాను. అది ఇప్పుడు మీ ఆరో ఫ్లోర్‌లో ఉంది. డెబ్భై సెకన్లలో కరెంటు మొత్తం పోతుంది. ఎలా ఆపాలో చెప్పండి."

అటువైపు ఆటో చప్పుడు. ఎవరో ఎక్కుతున్నారు, ఎవరో దిగుతున్నారు. అరవై. యాభై. ఆమె ఫోన్ పెట్టేసినా న్యాయమే అనుకున్నాడు మధు.

"కీ ముట్టకు," అంది చివరికి. "ఎడమదిక్కు కీబోర్డు తీస్కో. ఎస్కేప్ మూడుసార్లు కొట్టు. పాస్‌వర్డ్ అడుగుతదా?"

"అడిగింది. పంతొమ్మిది సెకన్లు."

"మా బాపు పేరు. అన్ని చిన్నక్షరాలు, వెంబడే రెండు వేల తొమ్మిది. ఆయన గార్డు డ్యూటీల చేరిన సాలు. ఇది గూడ నీకే చెప్పాల్సొచ్చింది."

మధు టైప్ చేశాడు. ఒక అక్షరం తప్పు పడింది, చెరిపి మళ్ళీ కొట్టాడు. రెండు దగ్గర అంకె ఆగిపోయింది. గదిలో ఏసీ చప్పుడు అలాగే వినిపిస్తోంది. బయట మెట్రో, ఆస్పత్రులు, పంపులు, అన్నీ ఏమీ తెలియకుండా నడుస్తున్నాయి.

"ఆగింది," అన్నాడు మధు. "సరితగారూ..."

లైన్ కట్టయింది.

సాయంత్రం రామబ్రహ్మం ఫైల్ మూశారు. "బ్రహ్మాండమండి. రసజ్ఞ నోరు విప్పుతోంది. సరిత రేపటినుంచి డ్యూటీలో ఉంటుంది. సాంకేతిక పొరపాటని లెటర్ ఇస్తారు. మీరు మాత్రం ఆవిణ్ణి కలవకూడదండి. ప్రోటోకాల్."

"అలాగేనండి," అన్నాడు మధు.

మర్నాడు పొద్దున్నే కోకాపేట గేటు దగ్గరికి వెళ్ళాడు.

పెంటయ్య అతన్ని కాసేపు చూశాడు. "ఇటలీల మా బిడ్డతోని తిరిగింది మీరేనంట."

"నేనే."

"నిన్న బిడ్డ బ్యాగు గుంజుకొని చూసిన సార్. దొంగని చూసినట్టు. రాత్రి బువ్వ దినలే, ఆమె గాదు, నేను."

పెంటయ్య విజిటర్ రిజిస్టర్ ముందుకి తోశాడు. పేరు గడిలో మధు అని రాశాడు. ఎవరిని కలవాలి: సరిత. ఏం పని మీద: పెన్ను కొంచెంసేపు ఆగింది. తరవాత, 'క్షమాపణ' అని రాశాడు.

పెంటయ్య కళ్ళజోడు సర్దుకుని చదివాడు. తల అడ్డంగా ఊపాడు.

"గిట్ల రాస్తే లోపలికి పంపరు సార్. డెలివరీ అని రాయుండ్రి. ఇచ్చుడు మీ పని. తీసుకునుడు ఆమె ఇష్టం."

మధు కొట్టేసి డెలివరీ అని రాశాడు. డెలివరీ వాళ్ళని లిఫ్ట్ ఎక్కనివ్వరని, మెట్ల మీద పోవాలని పెంటయ్య మర్యాదగా చెప్పాడు. సరిత సీటు పంతొమ్మిదో అంతస్తులో ఉంది.