పద్నాలుగో మేకు బోల్టు

కురబిండా ఊరి బయట, గోధుమ చేలు దాటాక, పాత రైఫిల్ క్లబ్బు మైదానంలో ఓ రేకుల గది ఉంది. చీకటి పడితే అటువైపు పురుగు కూడా పోదు. పీకలదాకా తాగినవాడైనా చుట్టూ తిరిగి ఇంటికి పోతాడే గానీ ఆ దారి తొక్కడు.

ఏముందక్కడ? ఒక చప్పుడు. అంతే.

టక్... టక్... తుపాకీలో తూటా వెనక మూసే ఇనప బోల్టు సరిగ్గా పడక, ఎవరో దాన్ని పదే పదే మూయబోతున్నట్టు. పోయిన చలికాలంలో క్లెమ్ హార్కిన్ చచ్చిపోయిన వారానికి మొదలైందంటారు. ఒంటికన్ను క్లెమ్. ఆ గదిలోకి ఎర్న్ ట్రెగెల్లస్ ఒంటరిగా వెళ్లిన రాత్రి సంగతి, నేను విన్నది విన్నట్టు చెప్తాను.

ఎర్న్‌కి డెబ్భై ఆరు. భార్య పోయి తొమ్మిదేళ్లు. ఒకప్పుడు క్లబ్బులో తుపాకుల మరమ్మతు ఆయనదే. ఏప్రిల్లో ఒక సాయంత్రం క్లెమ్ మేనకోడలు బెవ్, దుప్పట్లో చుట్టిన పాత యుద్ధకాలపు రైఫిల్ తెచ్చి ఆయన వంటింటి బల్ల మీద పెట్టింది.

“ఎర్న్ బాబాయ్, మా మామయ్యది. యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే ఆన్జాక్ దినానికి ఊరి హాలు గోడకి తగిలించాలని నా ఆశ. కమిటీవాళ్లు ఒప్పుకోవట్లేదు.”

“ఏమంటారు?”

“తూటాలో మందు ఎక్కువ కూరి, తన కన్ను తనే పేల్చుకున్న మొద్దుగాడి తుపాకీ మాకెందుకు అంటున్నారు. నువ్వు విప్పి బాగుచెయ్. తప్పు ఆయనది కాదని తేలితే రేపు మీటింగులో ఒక్క మాట చెప్పు.”

ఎర్న్ దుప్పటి అంచు మళ్లీ తుపాకీ మీదకి లాగాడు. మందు ఎక్కువైందని ముప్పై ఏళ్ల కిందట క్లబ్బు పుస్తకంలో రాసి సంతకం పెట్టింది తనే. క్లెమ్ కాదనలేదు. ప్రాణస్నేహితుడు ఇంత అజాగ్రత్తా అని ఎర్న్‌కి ఒళ్లు మండి, ఆస్పత్రికి వెళ్లలేదు. తర్వాత వెళ్దామంటే సిగ్గేసింది. ఆ సిగ్గు అలాగే అలవాటైపోయింది. ఒకే ఊళ్లో ముప్పై ఏళ్లు... ఆఖరికి శవం వెనక కూడా నడవలేదు.

బెవ్ గుమ్మం దగ్గర ఆగింది. “ఆ బోల్టు జాగ్రత్త, బాబాయ్. రోజూ సాయంత్రం దాన్ని తుడిచి, మీదున్న నంబరు పైకి చదివి, ‘వాడొస్తాడులే’ అనుకునేవాడు. ఎవడు మామయ్యా అంటే నవ్వేవాడు.”

ఆమె వెళ్లాక ఎర్న్ ఒక్కో భాగం విప్పి దీపం కింద పేర్చాడు. గొట్టం కింద ఉండే ముందు చెక్క రంగు తేడాగా ఉంది. అది ఎప్పుడో పగిలితే మార్చినది. దాని కిందివైపు రైఫిల్ నంబరే మళ్లీ కొట్టారు, పేచీ లేదు. గొట్టం మీద 48217. మూతి దగ్గరా అదే. బోల్టు పిడి తిప్పి చూశాడు.

61903.

ఒకరి పళ్ల సెట్టు ఇంకొకరి నోట్లో పెట్టినట్టే. ఏ రైఫిల్ బోల్టు దానికే అరగదీసి అమరుస్తారు. ఎర్న్ పాత సొరుగులోంచి కొలత బిళ్ల తీసి తూటా కూర్చునే చోట పెట్టాడు. అది ఉండగా బోల్టు మూసుకోకూడదు...

వెన్నలా మూసుకుంది.

అంటే లోపల సందు ఎక్కువ. తూటా వెనకభాగం పగిలి, నిప్పు కంట్లోకి తన్నింది. మందు తప్పు కాదు. ఆ రోజు ఈ బోల్టు నంబరు ఒక్కసారి చూసుంటే తెలిసిపోయేది. చూడకుండానే సంతకం పెట్టాడు.

మరి ఈ 61903 ఎవరిది? ఎక్కడో చూసిన నంబరే. గుర్తు రాలేదు. గుర్తు రాకూడదని లోపల ఎవరో పట్టుకుని కూర్చున్నట్టుంది.

క్లబ్బులో ఒక కట్టుబాటు ఉండేది. కాల్చడం అయ్యాక ఎవరి బోల్టు వాళ్లు ఊడదీసి ఎర్న్‌కి ఇవ్వాలి. ఆయన వాటిని రేకుల గదిలోని చెక్క పలక మీద, వరసగా కొట్టిన మేకులకి తగిలించేవాడు. ఏ మేకు కింద ఎవరి నంబరో పెన్సిల్‌తో రాసిందీ ఆయనే. ఆ పలక ఇంకా అక్కడే ఉంటుంది.

తాళంచెవి డార్సీ దగ్గరుంది. క్లబ్బు చివరి కెప్టెన్.

“ఈ వేళప్పుడా? మతిపోయిందా నీకు? తెల్లారాక పోరాదూ?”

“తెల్లారేదాకా నిద్ర పట్టదురా.”

ముప్పై ఏళ్ల తర్వాత ఎర్న్ ఆ మైదానంలో అడుగుపెట్టాడు. చంద్రుడు లేడు. కారు దిగి నాలుగడుగులు వేశాడో లేదో...

టక్... టక్...

గది వెనకనుంచి వస్తోంది. టార్చి ఎత్తాడు. కాల్పులప్పుడు ఎర్రజెండా ఎగరేసే ఇనప స్తంభం... దాని తాడు కొక్కెం గాలికి ఊగి స్తంభాన్ని కొడుతోంది.

“ఓరి దీన్ని తగలెయ్య!” ఎర్న్ గట్టిగా నవ్వాడు. తాడు చేతికి చుట్టి, బలంగా లాగి, ముడేసి కట్టాడు. చప్పుడు ఆగిపోయింది. ఆగాక ఆ మైదానం మరీ ఒంటరిగా అనిపించింది.

తలుపు తీశాడు. దుమ్ము పట్టిన పలక... తన చేతిరాత.

పద్నాలుగు, హార్కిన్, 48217.

పక్కనే పదిహేను. ట్రెగెల్లస్. 61903.

ఎర్న్ ఆ రెండు మేకుల మీదా వేలు పెట్టి చూశాడు. పేలుడుకి ముందటి శనివారం ఎర్రదుమ్ము తుఫాను వచ్చింది. కళ్లు మూసుకునే బోల్టులు తగిలించాడు, ఈ రెండూ తారుమారయ్యాయి. వారం తిరిగాక ఎవరి మేకు మీదది వాళ్లకి తనే తీసిచ్చాడు. ముందు కాల్చింది క్లెమ్. ఆ పేలుడు తర్వాత ఎర్న్ తన రైఫిల్ బోల్టుతో సహా తీసుకెళ్లి ఇనప్పెట్టెలో పెట్టేశాడు. మళ్లీ ముట్టలేదు.

ఇంటికొచ్చి పెట్టె తెరిచాడు. తన రైఫిల్లో ఉన్న బోల్టు... 48217. దాన్ని క్లెమ్ రైఫిల్లో అమర్చి, కొలత బిళ్ల పెట్టి మూయబోయాడు. సగంలో ఆగింది. సరిగ్గా ఆగాల్సిన చోట.

వెంటనే బెవ్‌కి ఫోన్ చేశాడు. “రేపు హాల్లో నేనే చెప్తానమ్మా. తప్పు తుపాకీదీ కాదు, మీ మామయ్యదీ కాదు. నాది.”

బెవ్ మెల్లిగా అడిగింది: “మామయ్యకి తెలుసా?”

“తెలుసు. రోజూ చదివింది నా నంబరే, పలక మీద తన పక్కదే. నా పేరు బయటపెట్టలేదు. నేనే వచ్చి చెప్తానని చూశాడు... నేను పోలేదు.” ఆపైన ఎర్న్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడని బెవ్ చెప్పింది.

తెల్లారి హాలుకి వెళ్తూ, దారిలో తాళంచెవి ఇవ్వడానికి ఆగాడు.

“మీ దెయ్యాన్ని కట్టేసి వచ్చాన్రా డార్సీ. జెండా స్తంభం తాడు, అంతే. గట్టిగా ముడేశాను.”

డార్సీ టీ కప్పు కిందపెట్టాడు. “ఏ స్తంభం?”

“గది వెనకది.”

“అది ఇంకెక్కడుంది? క్లబ్బు మూసిననాడే కోసి పాత ఇనుప సామానుకి ఇచ్చేశాం. పదకొండేళ్లయింది కదరా.”

ఎర్న్ అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తాడు ఒరుసుకున్న ఎర్రటి గీత ఇంకా మండుతోంది.

భయం వెయ్యలేదంటాడు ఎర్న్. తను క్లెమ్ దగ్గరికి వెళ్లనందుకు, వాడే వచ్చి పిలిచాడంటాడు.