సహజ క్షీణత

మధ్యాహ్నానికి దమయంతి డెబ్బై ఒక్క ఫైళ్లు చదివింది. ప్రతి ఫైలూ తెర మీదికి ఒక గీతగా వస్తుంది. రోగి మణికట్టు చర్మం కింద అమర్చిన నెత్తురుకన్ను అనే పరికరం గంటగంటకూ పంపే క్రియాటినిన్ విలువల గీత అది. దాని కింద తులాధర అనే యంత్రం ఇచ్చిన నిర్ణయం ఉంటుంది: పూర్తి కోత, లేదా మిగులు కోత. చదివి బొటనవేలు ఆనించడమే ఆమె పని. ఒక్కో ఫైలుకు తొంభై సెకన్లు.

తీరంలోని మూడు జిల్లాల్లో కిడ్నీలో క్యాన్సర్ గడ్డ తేలిన వాళ్లందరి ఫైళ్లూ ఈ పఠన మందిరానికే వస్తాయి. గీత ఒకటి దాటకుండా సాఫీగా సాగితే రెండో కిడ్నీ గట్టిదని తులాధర లెక్క. అప్పుడు గడ్డ ఉన్న కిడ్నీని మొత్తంగా తీయిస్తుంది. శస్త్రచికిత్స చేసే యంత్రహస్తాలకు అది గంటన్నర పని. గడ్డను మాత్రం ఒలిచి కిడ్నీని మిగల్చాలంటే ఐదు గంటలు పడుతుంది. ఆ ఐదు గంటలు గీత పైకి ఎగబాకినవాళ్లకే.

డెబ్బై రెండో ఫైలు దాలమ్మది. యాభై ఎనిమిదేళ్లు, ముప్ఫై ఆరు కిలోలు. ఎడమ కిడ్నీలో మూడు సెంటీమీటర్ల గడ్డ. క్రియాటినిన్ సున్నా పాయింట్ ఎనిమిది. నిర్ణయం: పూర్తి కోత, రేపు ఉదయం ఆరింటికి.

దమయంతి బొటనవేలు ఆనించలేదు.

ఆఖరి సమ్మతి ఇవ్వడానికి వచ్చిన దాలమ్మ బల్లకు అవతల కూర్చుని ఉంది. జీడిపిక్కలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్లు నల్లబడ్డాయి. జబ్బ దమయంతి గుప్పిట్లో ఇమిడేంత సన్నం.

"నా నెంబరు బాగుందని సిస్టరమ్మ సెప్పింది. మరేటమ్మా అలా సూస్తన్నారు?"

"నెంబరు బాగుంది పిన్నీ. మీ ఒంట్లో కండే లేదు."

"కండా? నాకెప్పుడుందమ్మా కండ!" దాలమ్మ నవ్వింది.

క్రియాటినిన్ కండలో పుట్టే మలినం. కండ లేని ఒంట్లో తక్కువ పుడుతుంది కాబట్టి, కిడ్నీ సగం చెడినా అంకె చక్కగానే కనిపిస్తుంది. తులాధరకు గీత తెలుసు. గీత వెనక ఉన్న ఒళ్లు తెలియదు. అందుకే మొన్న పరీక్షకు వచ్చినప్పుడు దమయంతి ఆమె చేతికి ఐదు లీటర్ల డబ్బా ఇచ్చి, ఒక రోజు మూత్రమంతా అందులో పట్టి తెమ్మంది. దాలమ్మ సిగ్గుపడుతూ డబ్బాకు చీర కొంగు కప్పి తెచ్చింది. దమయంతి దాన్ని స్వయంగా కొలిచి, ఎవరూ వాడని పాత సూత్రంతో లెక్కకట్టింది. రెండు కిడ్నీలూ కలిసి నిమిషానికి నలభై ఒక్క మిల్లీలీటర్లు వడకడుతున్నాయి. తొంభై దాకా ఉండవలసింది. అందులో ఒకటి తీసేస్తే మిగిలేది ఇరవై.

ఆ లెక్కను జతచేసి అభ్యంతరం పంపింది. తెర వెంటనే జవాబిచ్చింది.

"పాత పద్ధతి స్వీకార్యం కాదు. క్రియాటినిన్ ఆధారిత నిర్ణయం తప్పిన పూర్వ ఉదాహరణ చూపండి. నమోదైన ఉదాహరణలు: సున్నా."

ఎందుకు సున్నానో దమయంతికి తెలుసు.

ఆరేళ్ల కిందట తవిటినాయుడు ఇదే కుర్చీకి అవతల, తన చక్రాల బండిలో కూర్చున్నాడు. దర్జీ. రైలు ప్రమాదంలో రెండు కాళ్లూ తొడల దాకా పోయాయి. క్రియాటినిన్ సున్నా పాయింట్ ఏడు. కాళ్లు లేని మనిషికి ఈ అంకె ఎలా చదవాలన్న సందేహం ఆమెకు అప్పుడే వచ్చింది. బయట నలభై మంది ఉన్నారు. తొంభై సెకన్లు దాటుతున్నాయి. బొటనవేలు ఆనించింది.

రెండు నెలల్లో గీత మూడుకు ఎక్కింది. తర్వాత ఐదు, ఏడు. వారానికి మూడు రోజులు డయాలసిస్. నడవాలో ఎదురైనప్పుడల్లా అతనే ముందు పలకరించేవాడు. ఒకసారి ఆమె ఆగి ఏదో చెప్పబోతే, "మీరేటి సేస్తారమ్మా, నా కిడ్నీ అలాటిది," అన్నాడు. ఆమె తల ఊపింది. ఆ తల ఊపడమే ఆ తర్వాత ఎన్నో రాత్రులు ఆమెను నిద్రపోనివ్వలేదు.

రెండేళ్లకు అతను పోయాడు. ఫైలు మూసేటప్పుడు కారణం రాయాలి. గళ్లలో 'సహజ క్షీణత' అన్నది మొదటిది. దమయంతి దాన్నే ఎంచుకుంది.

ఇప్పుడామె ఆ ఫైలు తెరిచింది. కారణం దగ్గర 'సవరణ' నొక్కగానే గది చివరి నుంచి ప్రధాన పాఠకుడు కామేశం లేచి వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉన్న మనిషి. ఆమెకు గీతలు చదవడం నేర్పింది ఆయనే.

"మూసిన ఫైలు ఎందుకు తెరిచావమ్మాయ్?"

"కారణం తప్పు రాశాను సార్."

"అది ఒప్పుకుంటే నీ వేలిముద్ర రద్దవుతుంది. ఈ బల్ల దగ్గర ఇంక కూర్చోలేవు. తెలుసా?"

"తెలుసు."

ఆయన గొంతు తగ్గించాడు. "ఆ మనిషి ఎలాగూ తిరిగిరాడు కదా."

"రాడు సార్. ఈవిడ రేపు ఆరింటికి కోతకు వెళ్లిపోతుంది."

కామేశం దాలమ్మ వైపు చూశాడు. దాలమ్మ కంగారుగా లేచి నిలబడింది. "నా మూలాన గొడవేటమ్మా? సంతకం పెట్టీమంటే పెట్టీస్తాను."

"కూర్చోండి పిన్నీ. తప్పు మీది కాదు," అంది దమయంతి.

కారణం గడిలో టైపు చేసింది: 'పాఠకురాలికి సందేహం కలిగింది. అడగలేదు. మిగిలిన కిడ్నీ బలహీనమేమో పరీక్షించకుండా పూర్తి కోతకు అనుమతించింది. తర్వాత నిజం దాచింది.' చివరి వాక్యాన్ని మరోసారి చదివింది. దాన్ని చెరపకుండా బొటనవేలు ఆనించింది.

తెర కొన్ని క్షణాలు ఖాళీగా ఉంది.

"నమోదైన ఉదాహరణలు: ఒకటి. 'సహజ క్షీణత'గా మూసిన ఫైళ్లు: నాలుగు వేల మూడు వందల పద్దెనిమిది. అన్నింటికీ పునఃపఠనం అవసరం. అంతవరకు పూర్తి కోతలు నిలిపివేయబడ్డాయి."

పక్క బల్లల మీది గీతలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పాఠకులు తలలెత్తారు. కింది అంతస్తులో యంత్రహస్తాల రొద అణగిపోయింది. ఎవరో "ఏమైంది?" అని అరిచారు. దాలమ్మ ఫైలు మీద 'పూర్తి కోత' అన్న మాట చెరిగిపోయి, ఆ చోటు ఖాళీగా మిగిలింది.

దమయంతి వేలిముద్ర ఇక పనిచేయదు. ఆమె కుర్చీలోంచి లేచి, దాలమ్మ పక్కకు వచ్చి నిలబడింది.

కామేశం ఆ ఖాళీ కుర్చీని ముందుకు లాక్కున్నాడు. తర్వాత అందులో కూర్చుని, తన బొటనవేలు ఆనించి, మూసిన ఫైళ్ల జాబితా తెరిచాడు. ఆ నాలుగు వేల పేర్లనూ ఆయన ఒక్కొక్కటిగా చూడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఎప్పుడో తను 'సహజ క్షీణత' అని మూసిన ఒక మనిషి పేరును ఇంటిపేరుతో సహా టైపు చేశాడు.