ఆరని పెట్టె

మార్చి పదకొండు, మంగళవారం, సాయంత్రం అయిదుంబావు. షెడ్డు గోడ మీది గడియారం చూసే చెబుతున్నాను. మా ఇంట్లో పుట్టుకలూ పోవడాలూ రాసిపెట్టే పుస్తకం నా దగ్గరే ఉంటుంది. ఆ వేళని మాత్రం ఏ పేజీలో రాయాలో ఇంతవరకూ తెలియలేదు.

ఆ షెడ్డులో ఉండేది మా మామయ్యగారి పాత కారు. ఆయన కొన్ననాడు అందులో ఏసీ లేదు, హీటర్ లేదు. ఉన్నదల్లా నాలుగు అద్దాలూ, అత్తయ్య చేతిలో ఓ విసనకర్రా. ఇప్పుడు అత్తయ్యకి ఉబ్బసం. ఎండ పడదు, చలిగాలి పడదు, కొత్త కార్లలో సెంటు వాసన అసలే పడదు. బుధవారం పొద్దున మూడు గంటలు ప్రయాణం చేసి పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఈ తారీఖు తప్పితే మళ్ళీ రెండు నెలలు. అన్నాళ్ళు ఆగే ఊపిరి కాదు ఆవిడది. మా ఆయన ఊళ్ళో లేరు. అందుకని ఈ కారుకే ఏసీ, హీటరు బిగించే పని మా మరిది నెత్తినేసుకున్నాడు. చేతిలో పానా లేకుండా ఎవరూ చూడలేదు గనక అందరికీ అతను పానాయే.

పెట్టె తుక్కు కొట్టు నుంచి తెచ్చాడు. ఏసీ, హీటరు రెండూ అందులోనే. చెరువులో మునిగిన కారుదట, ఎవరి కారో కొట్టాయన చెప్పలేదు. "ముందు బాగా ఆరబెట్టుకోండి" అని మాత్రం అన్నాడట. నాలుగు రోజులు మండే ఎండలో పెట్టాం. రోజూ సాయంత్రానికి దాని కింద తడి. ఎంత కడిగినా పోని నాచు వాసన.

"ఏసీ అన్నాక నీళ్ళు కారవా వదినా?" అని నవ్వాడు పానా.

"ఇంకా నడవని ఏసీ కూడానా?" అన్నాను. వినిపించుకోలేదు.

ఆ సాయంత్రం బిగింపు అయిపోయింది. అత్తయ్య పట్టుబట్టి ముందు సీట్లో కూర్చుంది, తలుపు బార్లా తీసుకుని.

"ఒరే పానా, ఇది చల్లబడేలోపు నేను చల్లబడిపోయేట్టున్నాను."

"అరగంట ఓపిక పట్టవే అమ్మా. గొట్టాల్లో గాలంతా లాగేస్తే తప్ప గ్యాస్ నింపకూడదు."

పంపు పెట్టాడు. మీటరు ముల్లు మెల్లగా దిగుతోంది. బయట వాన పట్టుకుంది. రేకుల మీద చప్పుడు, షెడ్డులో మసక. పంపు మోత వింటూ నేను మనసులో దేవుణ్ణి తలుచుకుంటున్నాను. ఉన్నట్టుండి అత్తయ్యకి ఎగశ్వాస మొదలైంది. ఇన్‌హేలర్ కొట్టించాను. తగ్గలేదు. ఊపిరి చివర ఆ సన్నటి ఈల... ఇరవై ఏళ్ళుగా నా చెవులకి అలవాటైన ఈల... అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు.

"ఆపు పానా, ఆ మోతకే ఆవిడకి..."

ఆపాడు. పంపు ఆగింది. ముల్లు కూడా ఆగాలి.

ఆగలేదు.

పైకి లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

"లీకేమో," గుసగుసగా అన్నాను.

"లీకైతే లేస్తుంది వదినా..." మీటరు మీదికి వంగాడు. "లేచింది దిగదు. పంపు లేకుండా లాగేదెవరు?"

అత్తయ్య వైపు చూశాను. ఛాతీ లేచింది. ముల్లు లేచింది. ఛాతీ దిగింది. ముల్లు...

"పానా... ఆవిడ ఊపిరి చూడు."

చూశాడు. అప్పుడే అత్తయ్య ఊపిరి ఆగింది. ముల్లూ ఆగింది.

పానా గభాలున వాల్వు తిప్పేశాడు. గాలి లోపలికి పోయింది... నీళ్ళ అడుగు నుంచి పైకి తేలిన మనిషి పీల్చినట్టు, పొడుగ్గా, ఆత్రంగా.

అత్తయ్య కళ్ళు తెరిచింది. "హమ్మయ్య," అంది. ఈల లేదు. ఆయాసం లేదు. తనే దిగి, తనే నడిచి, ఇంట్లోకి వెళ్ళింది.

పానా అప్పటికప్పుడే పెట్టె విప్పి పెరట్లో పడేశాడు. "రేపు ఎండ ఎక్కకముందే అద్దాలు దించుకుని పోదాం," అన్నాడు. నేను దేవుడి దగ్గర దీపం పెట్టి చాలాసేపు కూర్చున్నాను. గట్టెక్కామనే అనుకున్నాను.

తెల్లవారుజామున జపమాల పట్టుకుని అత్తయ్య మంచం పక్కన కూర్చున్నాను. ఎంత నిశ్శబ్దంగా ఉందో గది! ఎన్నేళ్ళకి ఈ మనిషి హాయిగా పడుకుంది అనుకుంటూ పూసలు తిప్పుతున్నాను. సగం మాల తిరిగాక ఛాతీ వైపు చూశాను. కదలడం లేదు. నా చెయ్యి మాత్రం ఆగలేదు, భయానికి. నూట ఎనిమిది పూసలూ అయిపోయాయి. ఒక్కసారైనా కదల్లేదు.

"ఏంటమ్మాయ్, అలా చూస్తావు?" అంది అత్తయ్య, కళ్ళు తెరిచి. "కాఫీ పెట్టవూ?"

నోట్లోంచి నాచు వాసన.

పెరట్లోకి పరిగెత్తాను. పానా అప్పటికే అక్కడ గొంతుక్కూచుని ఉన్నాడు. తడి పెట్టెలోంచి ఊపిరి వినిపిస్తోంది. చివర సన్నటి ఈల.

"తీసుకెళ్ళి తుక్కులో పారేసొస్తా..."

"వద్దు," అతని చెయ్యి పట్టుకున్నాను. "అందులో ఉన్నది మీ అమ్మ ఊపిరి."

పానా లేచాడు. పెట్టెను మళ్ళీ కారులో బిగించాడు. వైరు కలపలేదు, గ్యాస్ నింపలేదు. ఏడింటికి అత్తయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టి బయలుదేరాం. డాక్టరుకి ఏం చెప్పాలో ఇద్దరికీ తెలియదు. వెనక సీట్లో ఒక్కదాన్నే కూర్చుని ఆ ఊపిరి వింటున్నాను. ఆగితే ఎలాగని బెంగ. రెండు మలుపులు తిరిగాక తెలిసింది, వినిపిస్తున్నది ఒక్క ఊపిరి కాదు. ఈల ఉన్నది అత్తయ్యది. రెండోది చిన్నది. తొందర తొందరగా...

అత్తయ్య మెల్లగా వెనక్కి తిరిగింది. నన్ను కాదు, నా పక్క ఖాళీ సీటుని చూసి నవ్వింది.

"కాస్త జరగమ్మాయ్. పిల్ల తడిసిపోయి ఉంది."