మూల గదికి నెట్ రాదు

అమీర్‌పేటలో ఉద్యోగమైనా దొరుకుతుందేమో గానీ గది దొరకదంటారు. అలాంటి చోట శివరాములు మేడ మీది మూల గదికి మాత్రం టులెట్ బోర్డు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. దిగినవాడు నాలుగు రోజులకే పెట్టె సర్దేవాడు. ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదు. మెట్లు దిగబోతూ మాత్రం ఒక్కసారి వెనక్కి చూసేవాడు...

ఆ గదిలోకే వచ్చి దిగాడు వంశీకృష్ణ.

కాకినాడ కుర్రాడు. మాంద్యం, మాంద్యం అని పేపర్లన్నీ ఘోషిస్తున్న రోజులు. ఉద్యోగం వెతికీ వెతికీ, విసుగొచ్చినప్పుడల్లా ఒక కోర్సు చేసీ చేసీ, చివరికి తను నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లోనే నెట్‌వర్కింగ్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. అదేమీ పెద్ద ఎదుగుదల కాదు. చివరి బెంచీ నుంచి బోర్డు దాకా నడిచాడు, అంతే. "నాకు ఉద్యోగం ఇవ్వని కంపెనీలకి మనుషుల్ని నేనే తయారు చేసి పంపిస్తున్నాను" అని తన మీద తనే జోకులేసుకునేవాడు. జోకు బాగానే ఉండేది. అద్దెకి మాత్రం పనికొచ్చేది కాదు.

మేడ మీద రెండే గదులు. ఈ చివర ఇతనిది, ఆ చివర కమలాకర్‌ది. మధ్యలో బట్టలారేసే తీగ, పొట్టి దిమ్మ మీద నల్లటి నీళ్ల ట్యాంకు. కమలాకర్‌కి పంజగుట్ట కాల్‌సెంటర్‌లో రాత్రి డ్యూటీ. నెట్ కనెక్షనూ, వైఫై డబ్బా అతని గదిలోనే ఉండేవి. ఖర్చు మాత్రం చెరిసగం.

మొదటి రోజే కమలాకర్ గొంతు తగ్గించి చెప్పాడు.

"అన్నా, ముందే చెప్తున్న. పగలు నెట్ మస్తుంటది. రాత్రయితె... హనుమాండ్లన్న వస్తడు."

"ఎవరాయన? ఓనర్ గారి చుట్టమా?"

"నీ గదిల ఉండేటోడు. సిరిసిల్ల దిక్కు. సచ్చిపోయిండు."

వంశీ చేతిలోని టీ గ్లాసు కిందికి దిగింది.

"ఫోన్ తీగతోటి నెట్ నడిచిన రోజులన్నా. పంజగుట్టల ఒక కంపెనీ ఇంటర్వ్యూ పాసైండట. లెటర్ మెయిల్ల పంపుతం పో అన్నరట. గప్పుడే మార్కెట్ పడ్డది. పాపం, రోజూ రాత్రి కంప్యూటర్ ముంగట కూసునుడు... చూసుడు... 'ఇయ్యాల సుత రాలే' అనుడు, లైట్ బంద్ చేసుడు. ఒకనాడు అడిగొస్తనని పంజగుట్టకు పోయిండు. చౌరస్తా దాటలే."

"మరి... ఇప్పుడొచ్చి ఏం చేస్తాడు?"

"ఏం చేస్తడు? మెయిల్ చూస్కుంటడు. ముందుగాల గోడలకెల్లి ఏడ్చినట్టు సప్పుడొస్తది. తర్వాత నీ నెట్ బంద్."

వంశీ నవ్వేశాడు. నెట్‌వర్కింగ్ మాస్టారు కదా మరి!

ఆ నవ్వు రెండో రాత్రి దాకానే నిలిచింది.

రాత్రిళ్లు అతను ఆన్‌లైన్లో ఒక తుపాకుల ఆట ఆడేవాడు. ఐదుగురి జట్టు. కెప్టెన్ రాగసుధ — ఇంజనీరింగ్‌లో క్లాస్‌మేట్, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. చదువు అయ్యాక వంశీని సెలెక్ట్ చేసిందంటూ ఏదైనా ఉంటే ఆ జట్టు ఒక్కటే. అందులో ఉన్నంతసేపూ, తను కూడా ఒక చోటికి కావలసినవాడే.

ఆ రాత్రి ఆట మంచి పట్టు మీదుంది. అప్పుడు —

గుడ... గుడ... గుడగుడ...

గోడలోంచి. గొంతులో ఏదో అడ్డుపడి, ఏడవలేక ఏడుస్తున్నట్టు.

తెర మీద అతని సైనికుడు ఒక కాలు పైకెత్తి, ఎత్తినట్టే నిలబడిపోయాడు. మీట ఇప్పుడు నొక్కితే గుండు ఎప్పుడో పేలుతోంది. మళ్లీ కదిలేసరికి సైనికుడు నేల మీద శవం.

"వంశీ, ఏంటలా స్తంభంలా నిలబడ్డావు" హెడ్‌ఫోన్లో రాగసుధ. "శత్రువులు దండేసి దణ్ణం పెట్టుకుని పోతున్నారు. శనివారం క్వాలిఫయింగ్ మ్యాచ్. ఆ రోజు ఇలా ఆగితే మాత్రం సారీ, మా ఆఫీసు ప్రమోద్‌ని తీసుకుంటా."

వంశీ తనకి తెలిసినవన్నీ చేశాడు. అవి అయిపోయాక తెలియనివి కూడా చేశాడు. కమలాకర్‌ని బతిమాలి వైఫై ఛానెల్ మార్పించాడు. యాంటెన్నాని ఎనిమిది దిక్కులకీ తిప్పించాడు. ఎవడో చెప్పాడని దాని వెనక స్టీలు పళ్లెం పెట్టించాడు. చివరికి మానిటర్‌కి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టాడు. తీగ లాగుదామంటే శివరాములు ఒప్పుకోలేదు. "నా గోడకు చిల్లు పెడితె నా పెయ్యికి పెట్టినట్టే" అన్నాడు. రాత్రిపూట కమలాకర్ గదిలో కూర్చుంటానంటే, అతను తాళంచెవి దేవుడికి కూడా ఇచ్చే రకం కాదు.

రోజు విడిచి రోజు గుడగుడ. గుడగుడ వెంట ల్యాగ్, అంటే నెట్ నత్తనడక.

ఒక రాత్రి ఇంక తట్టుకోలేక గదిలోంచి బయటికి పరిగెత్తాడు. చీకట్లో ట్యాంకుకి గుద్దుకున్నాడు. చల్లగా తగిలింది. లోపల్నించి... గుడగుడ... గుడగుడ...

కింద మోటారు మోగుతోంది. నల్లా నీళ్లు వచ్చే రోజు. నీళ్లు గొట్టంలోంచి, అతని గది గోడ వెంబడే ఎక్కి ట్యాంకులో పడుతున్నాయి.

వంశీ ఇటు తన గది వైపు చూశాడు. అటు కమలాకర్ గది వైపు చూశాడు. సరిగ్గా మధ్యలో, అతని ఎత్తున, నిండా నీళ్లు.

అతని నోట్సులో ఒక పేజీ ఉంది. వైఫై తరంగాల్ని నీళ్లు మింగేస్తాయి అని. ప్రతి బ్యాచ్‌కీ ఆ పేజీ దగ్గరకి రాగానే అతను చెప్పే మాట ఒకటే — "ఇది ఇంటర్వ్యూలో అడగరు, వదిలేయండి."

ట్యాంకుని ఆనుకుని పడీ పడీ నవ్వాడు. దెయ్యం కాదు, తను ఎగ్గొట్టిన పాఠం!

శనివారం సాయంత్రం ఉన్న బట్టలన్నీ ఉతికాడు. దుప్పటి ఉతికాడు. రెండుసార్లు స్నానం చేశాడు. డాబా కడిగాడు. ట్యాంకుని తట్టి చూస్తే ఖాళీగా డబ్ డబ్ అంది. కిందికి దిగి శివరాములు భార్య లచ్చవ్వ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఈ రాత్రి మోటారు వేయకుండా ఉంటారా? ట్యాంకు నిండితే నా కంప్యూటర్లో నెట్ ఆగిపోతోంది."

"నల్లా వచ్చేదే గప్పుడు. వెయ్యకుంటె పొద్దుగాల నీ ఆటతోటి మొకం కడుక్కోవాల్నా?"

"ఆట కాదమ్మా... ఇంటర్వ్యూ. కంప్యూటర్లోనే."

లచ్చవ్వ మొహం మారిపోయింది. మూల గది వైపు తలెత్తి చూసింది.

"ఇంటర్వ్యూనా... గట్ల చెప్పరాదు బిడ్డా. గా పిలగాడు సుత గిట్లనే..." కొంగుతో కళ్లొత్తుకుంది. "ఫికర్ చెయ్యకు. మోటర్ ముట్ట."

తల దించుకుని మెట్లెక్కాడు. అబద్ధం ఆమెకొక్కదానికే చెప్పాననుకున్నాడు.

మ్యాచ్ మొదలైంది. నెట్ పరిగెడుతోంది. ఇలా ఆడతానని వంశీకే తెలియదు.

"సూపర్ వంశీ! ఆఖరి రౌండ్. ఎడమవైపు నువ్వే చూడాలి. నిన్నే నమ్ముకున్నాం" అంది రాగసుధ.

గుడ... గుడ...

సైనికుడు కాలెత్తి ఆగిపోయాడు.

"అమ్మా, వేయనన్నారు కదా!" కుర్చీ వెనక్కి తోసి, హెడ్‌ఫోన్ బల్ల మీద పడేసి బయటికి పరిగెత్తాడు. పిట్టగోడ మీంచి వంగి చూశాడు. కింద మోటారు మోగడం లేదు. ట్యాంకుని కొట్టాడు.

డబ్... డబ్...

ఖాళీ.

గుడగుడ మాత్రం ఆగలేదు. అది గొట్టంలోంచి రావడం లేదు. గోడలోంచీ రావడం లేదు. గదిలోంచి వస్తోంది.

గుమ్మం దాకా వెళ్లాడు. ఆ పైన కాలు పడలేదు.

తను వెనక్కి తోసిన కుర్చీ... బల్లకి దగ్గరగా జరిగి ఉంది.

ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. లోపలికి పోలేడు. వదిలి పారిపోనూ లేడు — అవతల నలుగురు అతన్నే నమ్ముకుని ఉన్నారు. నెట్ సెంటర్లో వంతు కోసం నిలబడ్డవాడిలా గుమ్మం పట్టుకుని, వినీ వినపడకుండా అన్నాడు.

"చూస్కో అన్నా... చూస్కో."

గుడగుడ ఆగింది. తెర కదిలింది. అతని సైనికుడు నేల మీద పడి ఉన్నాడు.

లోపలికి వెళ్లి హెడ్‌ఫోన్ అందుకున్నాడు.

"ఓడిపోయాం వంశీ" రాగసుధ గొంతులో కోపం కూడా లేదు. "ప్రమోద్‌కి చెప్పేశాను. ఏమనుకోకు."

"పర్లేదు" అన్నాడు. ఎన్నో ఇంటర్వ్యూల్లో అలవాటైన మాటే.

"సరే గానీ... నీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరే. ఎందుకు?"

"నీ లైన్ కట్టయిపోయింది. తెర మీద నీ పేరు కూడా పోయింది. కానీ నీ మైకులోంచి ఎవరో మాట్లాడారు. మీ హైదరాబాద్ యాసలో... చాలా మెల్లగా..."

"ఏ... ఏమన్నారు?"

రాగసుధ ఆ మాటల్ని కూడబలుక్కుంటూ అంది.

"'ఇయ్యాల... సుత... రాలే' అని. అంటే ఏంటి వంశీ?"