తుడిచిన ట్రే

“పదకొండింటికి పిచ్చుక ఎగురుతుంది. ప్రాణాలతో దిగాలి,” అన్నాడు ఫోన్లో చీఫ్.

ఏజెంట్ థార్లీ సరేనని పెట్టేశాడు. యాభై నాలుగేళ్ల వయసు, అరిగిన మోకాళ్లు, మూడు రాత్రులుగా నిద్ర లేదు. పిచ్చుక అంటే డాక్టర్ కువార్, సరిహద్దు దాటి ఇంగ్లండ్ చేరిన రాకెట్ ఇంజనీరు. లింకన్‌షైర్‌లో పాత యుద్ధవిమానాల ప్రదర్శనలో రెండు సీట్ల స్పిట్‌ఫైర్ విమానం ఎక్కాలని ముచ్చటపడ్డాడు. ఆయన్ని చంపాలని అవతలి దేశపు ముఠా కాచుకుని ఉంది.

థార్లీ బీమా ఇన్‌స్పెక్టర్ వేషంలో, పెట్టుడు మీసంతో తొమ్మిదిన్నరకి ఎయిర్‌ఫీల్డ్ చేరాడు. ఫొటోగ్రాఫర్ ఇరేనా ఎదురొచ్చింది. చూసినవాళ్లు చూపు తిప్పుకోలేని మనిషి. రెండేళ్లుగా ముఠాలో ఉంటూ గుట్టుగా లండన్‌లోని చీఫ్‌కి కబుర్లు చేరవేస్తోంది. బాంబు తోకలో ఉందని చెవిలో చెప్పి వెళ్లిపోయింది.

సిగరెట్ పెట్టెలా కనిపించే డిటెక్టర్‌తో థార్లీ గంటకు పైగా తోకంతా గాలించాడు. నడుం పట్టేసిందే తప్ప ఏమీ దొరకలేదు.

విమానం ముందు భాగంలో ముసలి మెకానిక్ హాక్స్‌బీ టీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఇలాంటి ఇంజన్లనే మంచులో ఒట్టి చేతులతో బిగించినవాడు. గ్లౌజులు వేసుకుంటే నట్లు దొరకవు. ఆ వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. థార్లీ అప్పట్లో పైలట్. వెళ్లిన ప్రతిసారీ తిరిగొచ్చాడంటే అలాంటి చేతుల పుణ్యమే. ఒక్కరి పేరు కూడా అడగలేదని ఇప్పుడు సిగ్గేసింది.

“మీసం ఊడుతోంది సారూ,” అన్నాడు హాక్స్‌బీ. అతని చూపు మాత్రం ఇంజను కింద నూనె చుక్కలు పట్టడానికి పెట్టిన రేకు ట్రే మీదే ఉంది. “దీన్నెవరు తుడిచారు?”

ఫొటోలో మురికిగా కనబడుతుందని తొమ్మిదింటికి ఆ ఫొటోల అమ్మాయే తుడిచిందని పక్కనున్నవాళ్లు చెప్పారు.

“తుడిస్తే తుడిచింది. రెండు గంటలైనా ఒక్క చుక్క పడలేదేం? ఈ ఇంజను ముప్పై ఏళ్లుగా కారుతూనే ఉంది. కారడం లేదంటే లోపల నూనె లేదన్నమాట. పొద్దున నేనే నిండా పోశాను.”

పదకొండుకి నిమిషం తక్కువ. కువార్ వెనక సీట్లో నవ్వుతూ కూర్చున్నాడు. పైలట్ వేలు స్టార్టర్ బటన్ మీదికి వెళ్లింది. పెట్రోలు గేజీ ముల్లు నిండుగానే చూపిస్తోంది, నూనె ఎంతుందో చూపే గేజీ అందులో లేదు.

హాక్స్‌బీ పరిగెత్తలేదు. చక్రానికి అడ్డుపెట్టిన చెక్కదిమ్మ మీద కూర్చుని రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ఆ ఫీల్డ్‌లో మెకానిక్ చక్రాల దగ్గర్నుంచి తప్పుకునేదాకా ఎంతటి పైలట్ అయినా ఇంజను ముట్టుకోడు. వేలు వెనక్కి వచ్చింది. నూనె కొలిచే పుల్ల దించితే కొసన మాత్రమే తడి తగిలింది. గాల్లోకి లేచిన నాలుగో నిమిషానికి ఇంజను బిగుసుకుపోయి ఆగిపోయేది. తప్పంతా హాక్స్‌బీ నెత్తిన పడేది.

గేటు దగ్గర కారెక్కబోతున్న ఇరేనాని థార్లీ పట్టుకున్నాడు.

“ట్రే ఎందుకు తుడిచావు?”

“ఇంజను నూనె తీసేటప్పుడు ట్రేలో ఒలికింది. అలా వదిలేస్తే అనుమానం వస్తుందనుకున్నాను,” అంది అలసటగా. ఆమె మొదట్నుంచీ ముఠా మనిషే, బాంబు మాట అతన్ని తోక దగ్గర ఆపడానికే.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. కారని నూనె చుక్కతో తెలిసిందంటే మంత్రిగారి ముందు బాగుండదట, డిటెక్టర్ కనిపెట్టిందని రిపోర్టు రాయమన్నాడు. ఓపిక లేక థార్లీ అలాగే రాశాడు. మెకానిక్ పేరు ఈసారీ ఎక్కడా లేదు.

డిటెక్టర్‌ని మాత్రం హాక్స్‌బీకే ఇచ్చేశాడు. టీ కప్పు కింద పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోయింది.